చెల్లని మేకు

1

తోకబండ్లకు ఇక ట్రాక్టరు రాదని ఈ ఉదయం చాటించారు.

చిన్న ట్రెయిలర్‌ను ట్రాక్టరు వెనక తగిలించి లాగుతారు కనుక మా బిడారులో దానికి ఆ పేరు వచ్చింది. ఉన్నవాటిలో మాది పాతది. రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక కిటికీ, లోపలినుంచి వేసుకునే ఒక గడియ. నేనూ నా చెల్లెలు ధృతీ ఎన్నో వేసవులు అందులోనే గడిపాము. గడియ వేసుకుని పోట్లాడుకున్నాము, గడియ తీసి నలుగురిలోకి మర్యాదగా వెళ్ళాము. మనిషికి అంతకంటే ఇల్లు ఎందుకో నాకు తెలియదు.

చాటించినవాడు బిడారు పెద్ద సుంకన్న. ట్రాక్టర్లకు ఇచ్చే బ్యాటరీలను ప్రభుత్వం సగానికి తగ్గించిందట. లాగేవి తగ్గాయి కనుక లాగించుకునేవి పోవాలట. తోకబండిలో ఉన్న ప్రతి మనిషీ ఇప్పుడు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి, భుజాన మోసుకుని నడిచే టెంటు. రెండు, మేడబండిలో ఒక పడక. మేడబండి రెండంతస్తుల పెద్ద వాహనం. లోపల చల్లగా ఉంటుంది. స్నానాల గది ఉంది, నాడి చూసే యంత్రం ఉంది, వేళకు భోజనం వస్తుంది. తలుపు తీయడం, మూయడం మాత్రం డ్రైవరు మద్దిలేటి చేతిలో ఉంటుంది.

"మీకేం మేడమ్, హాయిగా మేడబండి ఎక్కి కూసోండి. ఈ వయసులో టెంటేంది," అన్నాడు సుంకన్న.

"ఎక్కినవాళ్ళకు మేకు ఉంటుందా?"

అతను తల గోక్కున్నాడు. "నేల తొక్కనోళ్ళకు మేకు యాడిది మేడమ్. మీకు తెలీందా."

తెలుసు. నేను నంద్యాల కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్న రోజుల్లోనే నేలకు విశ్రాంతి చట్టం వచ్చింది. ఎవరూ ఏ నేలమీదా పక్షం మించి నిలవకూడదన్నారు. ఇళ్ళు మూశారు, కాలేజీ మూశారు. రోడ్డెక్కిన మాకు ఓటుపెట్టె లేదు కనుక, మేకునే ఓటుగా పెట్టుకున్నాము. మజిలీ చేరగానే ప్రతి ఇల్లూ మొదట దిగ్గొట్టే మేకు తలమేకు. దాన్ని ఎవరి చేత్తో వారు కొట్టాలి. కొట్టినవారికి సభలో మాట ఉంటుంది. తోకబండి కాలికి కొట్టే మేకూ లెక్కలోకి వచ్చేది. ఇద్దరి చేతులు పడిన మేకు చెల్లదు. మేకు లేనివారు సభ చివర కూర్చుని వినవచ్చు.

సాయంత్రం ధృతి తన చీరలు మడతపెట్టుకుంటోంది.

"పక్కపక్కన పడకలు ఇస్తారటక్కా. అడిగాను."

"నన్ను అడగకుండా నా పడక అడిగావా?"

"నిన్ను అడిగితే పడక రాదు, ఉపన్యాసం వస్తుంది." కూర్చున్నచోటినుంచి లేవడానికి గోడ పట్టుకుంది. మోకాళ్ళు రెండూ పోయి చాలాకాలమైంది దానికి. "నేను టెంటులోకి పాకలేను. నువ్వు పాకగలిగినా, ఎందుకు పాకాలి?"

"వినడానికి కూర్చోవడం నాకు చేతకాదు."

"అది నాకంటే ఎవరికి తెలుసు," అంది ధృతి, నా చీరలు కూడా మడతపెడుతూ.

2

టెంటు తెచ్చుకున్నాను.

గిడ్డంగిలో మూడు రకాలు చూపించారు. నిలబడగలిగేంత ఎత్తుది మొదటిది. గాలికి తెరచాపలా పనిచేస్తుందని దాన్ని పక్కన పెట్టాను. రెండోది ఎండకు మెత్తబడి జిగురు కారుతోంది. మూడోది ఒక్క మనిషికి సరిపడే పొట్టిది. మందపు గుడ్డ, రెండు కర్రలు, ఎనిమిది మేకులు. లోపల కూర్చుంటే నెత్తి తగులుతుంది. తల వంచి బ్రతకడం నాకు అలవాటు లేదు గాని, గుడ్డకు తల వంచడం మనిషికి వంచడం కాదు గదా అనుకుని అదే తీసుకున్నాను.

ఈసారి మా మజిలీ గాజులపల్లె, గులకరాళ్ళ నేల. తలమేకు కొట్టడానికి పూట పట్టింది. చూడడానికి జనం చేరారు. మేకును తాడుకు ఎదురుగా వాల్చి కొట్టాలి. నిలువుగా కొడితే లాగినకొద్దీ ఊడుతుంది. ఇది బలానికి సంబంధించిన విషయం కాదు, కోణానికి సంబంధించినది. ఆ మాట వారికి చెప్పాను కూడా.

"మేడమ్ టెంటు సూడండి, బోర్డుమీద గీసిన బొమ్మలాగా ఉండాది," అంది తన్వి. టెంట్ల కుర్రకారుకు ఆమె మాటే మాట. బిడారులోనే పుట్టింది. నా దగ్గరే అక్షరాలు దిద్దింది. "మేము అడ్డదిడ్డంగా కొడ్తాం, అయినా నిలబడ్తాయి."

"అడ్డదిడ్డంగా నిలబడినవి అడ్డదిడ్డంగానే పడతాయి."

అందరూ నవ్వారు. తన్వి కూడా నవ్వింది. ఆ నవ్వును ఆనాడు మెచ్చుకోలు అనుకున్నాను.

తరువాత ధృతి పడక చూసి వచ్చాను. పైఅంతస్తులో కిటికీ పక్కన. తెల్లటి దుప్పటి, చల్లని గాలి, చేతికి అందేంత దూరంలో మంచినీళ్ళు. దాని పక్క పడక ఖాళీగా ఉంది. దాని మీద ధృతి తన సంచి పెట్టి ఉంచింది, బస్సులో రుమాలు వేసి సీటు పట్టుకున్నట్టు. కిటికీ తెరవబోయాను. అది తెరుచుకునే కిటికీ కాదు. గడియకోసం కూడా చూశాను. అలవాటు కొద్దీ.

"బాగుందా?" అంది.

"ఆసుపత్రిలా బాగుంది."

"ఆసుపత్రిలో ఎవరూ వంట చెయ్యమనరు. నాకు చాలు." కిటికీ అద్దంలోంచి చేత్తో చూపింది. "ఇక్కణ్ణుంచి నీ టెంటు కనిపిస్తుంది."

3

నిన్న పడమటి గాలి లేచింది. దుమ్ములో పక్క టెంటు కనబడలేదు. రెండు టెంట్లు లేచిపోయి ముళ్ళకంపల్లో పడ్డాయి. ఒకటి తన్విదే. నాది కదలలేదు.

ఉదయం మేకులన్నీ తడిమి చూశాను. కొట్టిననాటికంటే లోతుగా, బిగువుగా ఉన్నాయి. కోణం సరైనదైతే తాడు లాగినకొద్దీ మేకు నేలను మరింత పట్టుకుంటుంది. నేలకూడా ఆరినకొద్దీ బిగుసుకుంటుంది. ఈ సంగతిని సుంకన్నకు విపులంగా వివరించాను. అతను నా మేకులవైపు, ఆ తరువాత ఎందుకో మేడబండివైపు చూశాడు.

"అట్లనే అయ్యుంటాది మేడమ్," అన్నాడు.

రోజూ పొద్దున్నే వాగుకు వెళ్ళి నా నీళ్ళు నేనే తెచ్చుకుంటున్నాను. మోయబోయిన ఇద్దరిని వద్దన్నాను. వచ్చేసరికి అలుపు వస్తుంది. కాని దూరంనుంచి నా టెంటు నిటారుగా కనిపించగానే అలుపు పోతుంది. డెబ్బై దాటిన ఆడమనిషి ఒంటరిగా నిలబెట్టిన ఇల్లు. మజిలీలో అంతకంటే తిన్నగా నిలిచినది మరొకటి లేదు. ఇది గర్వమే. నా దగ్గర మిగిలినవాటిలో అమ్ముడుపోనిది అదొక్కటే.

4

ఎండ ముదిరింది. ప్రతి ఏడూ ఈ వేళకు బిడారంతా ఘాట్‌రోడ్డు పట్టి నల్లమల దాటి గిద్దలూరువైపు దిగుతుంది. దారి చుట్టు, ఎండ ఎక్కువ, కాని తారురోడ్డు కనుక మేడబండి నడుస్తుంది.

ఈసారి అలా కాదంటోంది తన్వి. అడవి కాలిబాటన కొండ నెత్తికి ఎక్కితే చల్లగా ఉంటుంది, ఊట ఉంది, వానలు పడేదాకా పైనే చోట్లు మార్చుకుంటూ ఉండవచ్చునట. తోకబండ్లు పోయాయి కనుక చక్రాలకోసం ఎవరూ ఆగనక్కరలేదు. నాకు అప్పుడు అర్థమైంది. మా తోకబండ్లు పోవడంతో పోయింది రెండు బల్లలు, ఒక పొయ్యి మాత్రమే కాదు. నడిచేవారికీ నడవలేనివారికీ మధ్య బిడారును కట్టి ఉంచిన ముడి ఊడిపోయింది.

"మేడబండో?" అని అడిగాను.

"అది రోడ్డున పోతాది మేడమ్. దాంట్లో అన్నీ ఉండాయి గదా. సరుకులు డ్రోన్లో వస్తాయి."

"దానిమీది సోలార్ ప్యానెళ్ళ దుమ్ము తుడిచేది ఎవరు? ట్యాంకుకు నీళ్ళు మోసేది ఎవరు? తుడవకపోతే రెండో రోజుకు చల్లదనం ఆగుతుంది. తెరుచుకోని కిటికీల వెనక ముసలివాళ్ళు ఏమవుతారు?"

"మద్దిలేటన్న ఉండాడు."

"అతనొక్కడు. మీ నాయనమ్మ అందులోనే ఉంది తన్వీ."

"తెలుసు మేడమ్," అంది. తలవంచుకుని టెంటు చిరుగు కుట్టుకుంటోంది. "నా కొడుక్కి ఒళ్ళంతా పొక్కులు లేసినాయి ఎండకు. అదీ తెలుసు."

అయితే నా దగ్గర మేకు ఉంది. బిడారు రెండుగా చీలాలంటే ఒక్క తలమేకు కూడా ఎదురు చెప్పకూడదన్నది మొదటినుంచీ ఉన్న కట్టుబాటు. ఎదురొక్కటి ఉన్నా అందరూ ఒకే దారిన నడవాలి. ఆ కట్టుబాటు పెట్టిన సభలో నేనూ ఉన్నాను.

ధృతికి వెళ్ళి చెప్పాను. భయపడకు, నేనున్నాను అన్నాను.

"నువ్వు చెబితే వింటారా?"

"వినడం మానడం వాళ్ళ ఇష్టం కాదు. అందుకే కదా నీతోపాటు ఈ పడక ఎక్కనిది."

అది ఏదో చెప్పబోయి మంచినీళ్ళు తాగింది.

5

సభ ఈ రోజు, పొద్దు వాలాక.

సుంకన్న లేచి చీలిక సంగతి చెప్పాడు. "ఎదురు చెప్పే మేకు ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నాడు.

నేను ఆగాను. నాకంటే ముందు ఎవరైనా లేస్తారేమో చూద్దామని. మేడబండిలో తల్లులున్నవారు ఉన్నారు, అత్తలున్నవారు ఉన్నారు. ఒకరు చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నారు. ఒకరు బిడ్డ ముక్కు తుడుస్తున్నారు. అంత శ్రద్ధగా ముక్కు తుడవడం నేనెన్నడూ చూడలేదు.

"నా మేకు ఎదురు," అన్నాను.

"ఆ మేకు మేడమ్ కొట్టింది కాదు పెద్దాయనా," అంది తన్వి.

నవ్వు వచ్చింది నాకు. "మరి ఎవరు కొట్టారమ్మా, గాలా?"

"మీరు నీళ్ళకు పోతానే దినామూ మద్దిలేటన్న వచ్చి బిగిస్తాండాడు. మొదటి దినం మీరు కొట్టింది అదే రోజు ఊడొచ్చింది. నేను సూసినా. పోనీలే పెద్దామె అని ఇంతదాకా ఊరకుంటి." ఆమె గొంతులో కోపం లేదు. "కండ్లతో సూసింది దాయగూడదని మీరే సెప్పినారు గదా మేడమ్."

మద్దిలేటి సభ చివర నిలబడి ఉన్నాడు. నా చూపు తగలగానే తన చెప్పులవైపు చూసుకున్నాడు.

"ఏమయ్యా?"

"చిన్నమ్మ సెప్పింది మేడమ్. గాలికి అక్క టెంటు లేచిపోతాదని. నేను బిగిస్తాంటే ఆయమ్మ కిటికీ కాడనే నిలబడి సూస్తాంటాది. కాదని ఎట్ల సెప్పేది."

సుంకన్న మంచివాడు. గొంతు సవరించుకుని, "గాలి హోరులో మద్దిలేటి మాట నాకు సరిగా ఇనపళ్యా," అన్నాడు. గాలి లేదు. "మేడమ్, ఆ మేకు మీరే పీకి అందరి ముందరా మళ్ళా కొట్టండి. దిగితే మీదే. తన్వీ, సరేనా?"

తన్వి తల ఊపింది.

నా టెంటు దగ్గరికి నడిచాను. సభ అంతా వెనక వచ్చింది. తలమేకు ముందు కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాను. అది కదలలేదు. సుత్తితో పక్కలకు తట్టి మళ్ళీ లాగాను. కదలలేదు. మన్ను మెత్తబడాలని నీళ్ళు పోశాను. లాగాను. కొంగు చుట్టి లాగాను. అరచేయి చిట్లింది.

తాను కొట్టిన మేకు తనకు రాకపోవడమన్నది బిడారులో ఉండదు. కొట్టిన చేతికి పీకే బలం ఉంటుంది. పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని ఎవరూ పైకి అనలేదు. అననక్కర లేకపోయింది.

అప్పుడు మేకును సరిగా చూశాను. నేను వాల్చి కొట్టాను. అది నిలువుగా ఉంది. తల దాకా, నిలువుగా, మగవాడి చేతి దెబ్బకు దిగి ఉంది. ఇన్ని ఉదయాలు దాన్ని తడిమి చూసి, నేల గుణమని, కోణం మహిమ అని ఊరంతా చెప్పుకున్నాను. భౌతికశాస్త్రంలో పట్టా ఉన్నదాన్ని.

తల ఎత్తితే మేడబండి పైఅంతస్తు కిటికీలో ధృతి కనిపించింది. అద్దానికి అరచేయి ఆనించి నిలబడి ఉంది. కిందికి రావాలన్నా తలుపు తీసేవాడు ఇక్కడ నా వెనక ఉన్నాడు.

"చాల్లే మేడమ్, లేయండి," అన్నాడు సుంకన్న మెల్లగా. తరువాత సభవైపు తిరిగి చీలికకు ఎదురు లేదన్నాడు.

6

మద్దిలేటి తలుపు తీశాడు. మెట్లు ఎక్కి ధృతి ముందు నిలబడ్డాను. కూర్చోలేదు.

"నా ఇల్లు నిలబెట్టాననుకున్నావు. నీ దారి మూసుకున్నావు. అందరి దారీ మూశావు."

"అవును," అంది.

"ఒక్క మాట నాకు చెప్పి ఉంటే?"

"చెబితే ఏం చేసేదానివి? పీకి నువ్వే కొట్టేదానివి. అది ఊడేది. మళ్ళీ కొట్టేదానివి." అది ఏడవడం లేదు. నేను ఏడిపిస్తానని ముందే ఏడ్చి ఉంటుంది. "మద్దిలేటిని ఒక్క రోజు మానెయ్యమని చెబుదామనుకున్నానక్కా. గాలి వచ్చిన రోజే. నీ టెంటు లేచిపోతే నువ్వు ఇక్కడికి వచ్చేస్తావు కదా, ఈ పడక ఖాళీగా ఉంది కదా అనుకున్నాను. చెప్పడానికి నోరు రాలేదు."

అనగలిగినవి ఉన్నాయి. అవి దాని వయసుకు బరువు, నా వయసుకు సిగ్గు.

టెంట్లు ఈ ఉదయం దించారు. వారి మూటలు చిన్నవి. కొండ ఎక్కేవారికి అంతకంటే ఉండకూడదు. వెళ్ళేముందు తన్వి వచ్చింది.

"మీరు మాతో రండి మేడమ్. నా టెంటులో ఉండొచ్చు. పిలకాయలకు సదువు సెప్పేటోళ్ళు కావాల."

"నీ టెంటులో నాకు మేకు ఉంటుందా?"

"మీకెందుకు మేడమ్ మేకు. మిమ్మల్ని బాగా సూసుకుంటాం."

బాగా చూసుకుంటాము. మేడబండి గోడమీద కూడా అదే రాసి ఉంది.

"రాను," అన్నాను.

ఆమె మూట సర్దుకుంది. "మా నాయనమ్మను సూసుకోండి మేడమ్."

"ఎవరి తరఫున?" అని అడిగాను. కొడుకును చంకనెత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చూసి ఉంటే ఆగిపోయేదేమో. అందుకే చూడలేదేమో. అంతకంటే ఆమెకు నేను ఇవ్వగలిగింది లేదు.

నా మేకులు పీకడానికి గడ్డపార కావలసి వచ్చింది. మద్దిలేటి పీకి ఇచ్చాడు. టెంటు మడిచి, ధృతి పక్క పడక మీది సంచి తీసి, ఆ చోట పెట్టాను.

7

ఘాట్‌రోడ్డులో రెండో మలుపు దగ్గర ఆగిపోయాము.

అనుకున్నట్టే అయింది. ప్యానెళ్ళమీద దుమ్ము అట్టకట్టింది. మద్దిలేటి పైకి ఎక్కి తుడుస్తున్నాడు గాని, ఒకవైపు తుడిచేసరికి ఇంకోవైపు కమ్ముతోంది. మధ్యాహ్నానికి చల్లదనం ఆగింది. నాడి చూసే యంత్రం మా అందరి నాడీ ఒకేసారి ఎర్రగా చూపించి ఆరిపోయింది. డ్రోను రాలేదు.

మద్దిలేటి చేత తలుపు తీయించి, దానికి అడ్డంగా రాయి పెట్టించాను. ఒక్కొక్కరినే కిందికి దింపాము. రోడ్డు పక్కన నీడ లేదు, ఎండిన మోళ్ళు తప్ప. తన్వి నాయనమ్మ మెట్టుమీదే కూర్చుని, "మా పిల్ల వాళ్ళు ఏ మలుపులో కలుచ్చారు?" అని మూడుసార్లు అడిగింది. చివరికి నేను చెప్పాను. "కలవరమ్మా. వాళ్ళ దారి వేరు." ఆమె సరేనంది. కాసేపటికి మళ్ళీ అడిగింది.

టెంటు తెచ్చాను. ఒక మనిషికి సరిపోయే గుడ్డే. కుట్లు విప్పి పరిస్తే బారు పెద్దది. ఒక అంచు మేడబండి పక్కకు కట్టి, రెండో అంచు నేలకు దిగ్గొడితే పది తలలకు నీడ. మద్దిలేటి ప్యానెళ్ళమీద ఉన్నాడు. పిలిచి ఉండవచ్చు. పిలవలేదు.

మేకును వాల్చి పెట్టి కొట్టాను. పక్కకు పడింది. మళ్ళీ పెట్టాను. పడింది. రోడ్డు అంచున నేల గాజులపల్లెకంటే గట్టి.

ధృతి వచ్చింది. మోకాళ్ళు మడవలేక, తారు అంచున కాళ్ళు చాపుకుని కూలబడింది. మేకును రెండు చేతులా పట్టుకుంది.

"వాల్చి పట్టుకో. అంత నిలువుగా కాదు."

"నా వేళ్ళు చూసి కొట్టు ముందు. కోణం తరువాత చూద్దువు."

కొట్టాను. కొంచెం దిగింది. మళ్ళీ కొట్టాను. చిట్లిన అరచేయి మళ్ళీ తెరుచుకుంది. ధృతి పట్టు వదల్లేదు. తాడు ముడి వేసి లాగి చూశాను. నిలబడింది.

"ఇది చెల్లదు కదక్కా," అంది ధృతి, చేతుల దుమ్ము దులుపుకుంటూ.

"చెల్లదు," అన్నాను.

రెండో మేకు అందుకుని దాని చేతిలో పెట్టాను.